ఆలుగడ్డ గుణము – వాతావరణము
(రైతుల నిమిత్తమైన యుపన్యాసము)



ఒకే విత్తనమును, ఒకే యెరువును వేసిన యిరువురు రైతులలో ఒకరి గడ్డలకు మంచి ధర పలుకుటయు, మరియొకరి గడ్డలను వర్తకుడు త్రోసివేయుటయు కలదు. ఈ భేదమునకు వాతావరణము ముఖ్యకారణము. దానిని మార్చుట యెవరి తరమును కాదు. దాని నెఱిగి పనివేళలను కుదుర్చుకొనుట మాత్రము రైతు చేతిలోనిదే.

ఆలుగడ్డ దక్షిణ అమెరికాలోని ఆండీసు కొండలలో పుట్టిన పంట. చల్లని రాత్రులను కోరును. పగలు ఆకులలో తయారైన ఆహారము గడ్డలోనికి దిగి పిండిగా నిలువయగును. రాత్రి ఉష్ణము 15 మొదలు 20 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు నున్నప్పుడు గడ్డ బాగుగ నూరును. రాత్రులు వేడెక్కినచో ఆ యాహారములో హెచ్చుభాగము మొక్క శ్వాసకే వ్యయమగును. గడ్డలు చిన్నవై, పిండి తగ్గి, వేయించునప్పుడు నూనె నధికముగ పీల్చును. కావున జహీరాబాదు ప్రాంతమున చిత్తకార్తె నడిమి నుండి విశాఖకార్తె నడిమి లోపల, అనగా అక్టోబరు 15 మొదలు నవంబరు 15 వఱకు, నాటుట మేలు. ఆలస్యమైనచో గడ్డ యూరుదినములు ఎండలలో బడును. 2006లో విడుదలయైన కుఫ్రీ సూర్య రకము వేడిని కొంత తాళును.

నేల బెట్టకు వచ్చిన పిమ్మట ఒక్కసారిగ నీరు నిండుగ పెట్టినను, పెద్దవాన కురిసినను గడ్డలు పగులును, పిలకలు వేసి వంకరలగును, కొన్నిటి నడుమ బోలు ఏర్పడును. కొద్దికొద్దిగ, తఱచుగ తడి యిచ్చుటయే దీనికి మందు. మబ్బు, మంచు, చిఱుజల్లు విడువక పట్టినప్పుడు ఆకుమాడు తెగులు వ్యాపించి గడ్డలకును దిగి కుళ్లించును. 1845లో ఐర్లండు దేశమున ఈ తెగులే పంటను నాశనముచేసి ఘోరమైన కఱవు తెచ్చెను. అట్టి వాతావరణము కనబడగనే ఆకుల అడుగుభాగమును పరీక్షించి మందు చల్లవలెను.

త్రవ్వుటకు పది దినములు ముందుగ నీరు మాన్పి, తీగెను కోసివేసినచో తోలు గట్టిపడును. గడ్డ బయటపడకుండ బోదెలకు మట్టిని ఎగద్రోయవలెను. త్రవ్విన గడ్డలను ఎండలో నుంచక నీడకు చేర్పవలెను. వెలుతురు సోకి పచ్చబడిన గడ్డ చేదెక్కి విషము గలదగును. ఉడికించినను ఆ విషము పోదు. అట్టివానిని అమ్మరాదు, ఇంట వండరాదు, పశువులకును వేయరాదు.

ఈ పంటకు విత్తనపు ఖర్చే మిక్కిలి భారము. ఆ సొమ్ము దక్కుట, నాటుటలో పోగొట్టుకొనని పదిదినములపై నాధారపడియున్నదని రైతులు మఱువరాదు.