బాలభటులతో డేరాబస

డేరా యనగానే మన తెలుగుదేశమున పెద్దలకు జ్ఞప్తికి వచ్చునది జమాబందీకి వచ్చిన దొరగారి డేరా. పిల్లలకు జ్ఞప్తికి వచ్చునది సర్కసు డేరా. ఈ రెండింటిలో దేనినైనను వేయువారు వేఱు, అందులో కూర్చుండువారు వేఱు. బాలభటుల డేరా అట్టిది కాదు. దానిని వేయువాడును, అందు పండుకొనువాడును, తెల్లవాఱిన పిదప విప్పి చుట్టి భుజముపై మోయువాడును ఒక్కడే. వానికి వయస్సు పండ్రెండేండ్లో, పదుమూడేండ్లో యుండును. డేరాబసలోని చిక్కులన్నియు ఇందుండియే పుట్టుచున్నవి. అందలి సంతోషమును ఇందుండియే పుట్టుచున్నది.

ఉద్యమ చరిత్రమును నేడు విస్తరింపబోను. 1907 ఆగస్టులో బేడెన్ పవెల్ ఇంగ్లండునందలి బ్రౌన్‌సీ యను చిన్న ద్వీపమున ఇంచుమించు ఇరువదిమంది పిల్లలతో మొదటి శిబిరమును నడపెను. కలిగినవారి బిడ్డలను, కూలిపని చేయువారి బిడ్డలను కలిపి నాలుగు దళములుగా విభజించి, ఒక్కొక్క దళమునకు ఒక పిల్లవానినే నాయకునిగా నిలిపెను. మద్రాసులో 1916వ సంవత్సరమున అనీబిసెంటుగారు భారతీయ బాలురకై ఒక స్కౌటు సంఘమును స్థాపించిరి. ఆ పిదప వేర్వేరుగా నడచుచుండిన సంఘములు 1950 నవంబరు 7వ తేదీన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అను పేర ఏకమైనవి. పేర్లు మాఱినను, దుస్తులు మాఱినను, నాడు ఆ ద్వీపమున ఏర్పఱచిన చిన్న దళమను పద్ధతి మాత్రము మాఱలేదు. నేను చెప్పబోవు మాటలు చాలవఱకు దానిపైననే ఆధారపడి యున్నవి.

మొదటి చిక్కు కాలము. మన పాఠశాలలకు సెలవులు ఇచ్చు కాలములలో ఒక్కటియు డేరాకు అనుకూలము కాదు. దసరా సెలవులలో వాన వెనుదీయుచు వెనుదీయుచు మరల తిరిగి వచ్చును. కోస్తా జిల్లాలలో తుపానుల ఋతువు అప్పుడే ఆరంభమగును. వేసవి సెలవులలో మధ్యాహ్నము డేరాలోనికి పోయినవాడు కుమ్మరి ఆవములోనికి పోయినట్లే. సంక్రాంతి సెలవులు మంచివే, కాని పండుగనాడు బిడ్డను ఇల్లు కదలనిచ్చు తల్లి ఎచ్చట నున్నది? కావున నేను మార్గశిర, పుష్యమాసములలో శుక్రవారము మధ్యాహ్నము బయలుదేఱి ఆదివారము సాయంకాలమునకు తిరిగి వచ్చు పద్ధతిని అవలంబించితిని. ఆ దినములలో అరకు, లంబసింగి ప్రాంతములకు పోవువారు మాత్రము చలిని తేలికగా తలపరాదు. పైన కప్పుకొనుటకు రెండు దుప్పట్లు తెచ్చి, క్రింద పఱచుకొనుటకు ఏమియు తేని పిల్లవాడు రాత్రియంతయు వణకును. చలి ఆకాశమునుండి వచ్చుననియే అందఱును తలంతురు. శయనించినవానికి నేలనుండియే ఎక్కువగా వచ్చును. వరిగడ్డి దొరకినచో దానిని మించిన పఱపు లేదు.

రెండవది నేల. పుస్తకములలో డేరావేయు విధానమును చదివిన పిల్లవాడు నేలలన్నియు ఒక్కటే యనుకొనును. కర్నూలు నల్లరేగడిలో ఎండదినమున గూటము చక్కగా దిగును. వాన కుఱిసినంతనే వెన్నలో గ్రుచ్చిన పుల్లవలె ఊడివచ్చును. గోదావరి లంకల ఇసుకలో గూటము నిలువనే నిలువదు. గోనెసంచిలో ఇసుక నింపి, త్రాటిని దానికి కట్టి, మూరెడు లోతున పాతిపెట్టవలెను. రాతినేలలో బండలకే త్రాళ్లు కట్టుకొనవలెను. ఎఱ్ఱగరప నేల అన్నిటికంటె మేలు. వాగునందలి తెల్లని ఇసుకతిన్నె చూచుటకు పఱపువలె నుండును, పిల్లలందఱును అచ్చటనే యుందమందురు. అది మాత్రము పనికిరాదు. మనపై చినుకైనను పడకుండగనే, ఎగువ కొండలలో కుఱిసిన వాన అర్ధరాత్రమున వాగై వచ్చి మీద పడును. కొబ్బరిచెట్ల క్రిందను, ఎండుకొమ్మలు వ్రేలాడు ముసలిచెట్ల క్రిందను డేరా వేయుటయు అట్టిదే. ఇక అడవిలో దిగువారు అటవీశాఖవారి అనుమతిని ముందుగా వ్రాతపూర్వకముగా పొందవలెను. నల్లమలవంటి చోట్ల ఇది మర్యాదకొఱకు చెప్పుమాట కాదు. అది పులులకు కేటాయించిన అడవి.

డేరాల విషయమున వర్తకులమాట నమ్మరాదు. నలుగురు పట్టుదురని చెప్పిన డేరాలో ఇద్దఱు పిల్లలును వారి మూటలును పట్టును. పాతకాలపు కాన్వాసు డేరా బరువు. మోయలేక పిల్లలు ఏడ్తురు. నేటి నైలాను డేరా బుట్టలో పట్టును. కాని లోపలివారి ఊపిరియే తెల్లవాఱుజామున బొట్లుబొట్లుగా వారిపై రాలును. వాన కురియుచున్నదని తలచి పిల్లలు మాస్టారును లేపుదురు. గాలి వచ్చిపోవు కిటికీని తెఱచి పండుకొనుడని రాత్రి చెప్పినయెడల ఈ బాధ సగము తీఱును. కాన్వాసుకు ఇంకొక గుణము కలదు. తడిసిన గుడ్డను లోపలినుండి వ్రేలితో తాకినచో, తాకినచోటనే కారుట ఆరంభించును. ఇది తెలిసిన పిల్లలు తాకకుందురని అనుకొనకుడు; తెలిసిన పిదపనే తాకి చూతురు. నార త్రాళ్లు తడిసిన బిగిసికొనును. బిగిసి గూటములను పెఱికివేయును. కావున మబ్బు పట్టిన సాయంకాలమున త్రాళ్లను కొంచెము సడలించి పండుకొనవలెను. త్రాళ్లకు తెల్లగుడ్డ పేలికలు కట్టవలెను. లేకున్న చీకటిలో లేచినవాడు ముఖము పగులగొట్టుకొనును. డేరా చుట్టును కాలువ త్రవ్వుడని పాతపుస్తకములు బోధించినవి. నేడు అడవిలోను గడ్డినేలలోను అట్లు త్రవ్వి నేలను గాయపఱచుట తగదనుచున్నారు. అది సరియైన మాటయే. కొంచెము వాలుగానున్న నేలను ఎన్నుకొన్నయెడల పాఱతో పనియే లేదు.

ఒకప్పుడు ఒక చెఱువు ప్రక్కన ముప్పదిరెండుగురు పిల్లలతో దిగియుంటిమి. రాత్రి రెండుగంటల వేళ గాలివాన పట్టినది. ఉఱుము లేదు, మెఱపు లేదు, గాలియు నీరును మాత్రమే. ఒక డేరా కూలినది. నేను లాంతరు తీసికొని చేరునప్పటికే ఆ దళనాయకుడు, తొమ్మిదవ తరగతి పిల్లవాడు, తనవారిని లెక్కపెట్టుచున్నాడు. "ఒకటి, రెండు, మూడు..." అని పేరు పేరున తట్టి లెక్కించి, "మాస్టారూ, ఏడుగురమూ ఉన్నాము. గుడ్డ పోయింది, మనుషులున్నారు" అనెను. ఆ దళమువారిని ఇద్దఱిద్దఱుగా తక్కిన డేరాలలో సర్దితిమి. డేరా వేయుట నేర్చుటకంటె లెక్కపెట్టుట నేర్చుట ముఖ్యమని నేను ఎన్నిసార్లు చెప్పితినో. దానిని ఆ రాత్రి వాడు నాకంటె బాగుగా చూపెను.

వంటను గుఱించి కొంచెము చెప్పి విడిచెదను. ఒక్కొక్క దళము తన పొయ్యిని తానే పెట్టుకొని, తన అన్నము తానే వండుకొనవలెను. మొదటిపూట మాడును, రెండవపూట జావ యగును, మూడవపూట అన్నమగును. పూటకు ఒక్కొక్కనికి నూటయేబది మొదలు రెండువందల గ్రాముల బియ్యము లెక్క వేసికొనవలెను. ఇంటిలో అన్నము విదల్చువాడే ఇచట రెండవమాఱు వడ్డింపుడనును. ఎవని ఇల్లు ఏ వీథిలోనిదో పొయ్యి అడుగదు. ఒకే పంక్తిలో కూర్చుందురు. డేరాలోపల మాత్రము ఎట్టి చలిలోనైనను నిప్పు గాని, కుంపటి గాని, గ్యాసుపొయ్యి గాని ఉంచరాదు. గుడ్డ అంటుకొనుట ఒక భయము. మూసిన డేరాలో వాసనలేని విషవాయువు చేరి నిద్రలోనే ప్రాణము తీయుట అంతకు మించిన భయము. నీటిని తెరలకాచి చల్లార్చి త్రాగవలెను. మఱుగుదొడ్డి గుంట నీటితావునకు నూఱడుగులకు తక్కువ కాని దూరమున, పల్లమువైపున ఉండవలెను. దానిప్రక్క మట్టికుప్పయు, చేతులు కడుగుకొనుటకు నీరును సబ్బును లేనియెడల, మూడవదినమున శిబిరము ఆసుపత్రి యగును.

శ్రోతలలోని తల్లిదండ్రులు పాములను గుఱించి అడుగుదురని నాకు తెలియును. భయము న్యాయమైనదే. నాగుపాము పడగ విప్పి చెప్పి కఱచును. కట్లపాము అట్లు చేయదు. రాత్రి నేలపై పండుకొన్నవాని ప్రక్కలోనికి ప్రాకివచ్చి కఱచును; కాటు నొప్పియైనను తెలియకపోవచ్చును. అందువలన డేరా ద్వారము ఎల్లప్పుడును మూసియుంచవలెను; అడుగుగుడ్డ లేని డేరాలో దోమతెరను పఱపుక్రిందికి దోపవలెను; తినుబండారముల తునుకలను లోపల ఉంచరాదు, వానికై ఎలుకలును ఎలుకలకై పాములును వచ్చును. చీకటిలో దీపము లేక అడుగు వేయరాదు. ఉదయమున బూట్లు దులిపి తొడుగుకొనవలెను, తేళ్లకు అవి ఇష్టమైన తావులు. ఒకవేళ కాటు పడినచో కోయుట, నోటితో పీల్చుట, గట్టిగా త్రాడు బిగించుట, నాటుమందు మ్రింగించుట ఇవి యేవియు పనికిరావు. పిల్లవానిని నడువనీయక, కఱచిన అవయవమును కదలనీయక, ఆసుపత్రికి చేర్పవలెను. విషమునకు విఱుగుడు సూదిమందే. నేను స్థలము చూడబోవునప్పుడు మొదట అడుగునది చెట్లు ఎట్లున్నవని కాదు. ఆ సూదిమందు ఉన్న ఆసుపత్రి ఎంతదూరమున నున్నదని. రాత్రియంతయు ఒక బండియు, దానిని నడుపువాడును శిబిరమున ఉండనిచోట నేను పిల్లలను దింపను.

పామును మించి నేను భయపడునది నీటికి. పామును చూచి పిల్లవాడు పాఱిపోవును. చెఱువును చూచి దగ్గఱకు పోవును. ఈతవచ్చినవాడే ముందుగా దుముకును. కావున స్నానమునకు వేళయు, హద్దు త్రాడును, గట్టున కాపును ఏర్పఱచి, పిల్లలను ఇద్దఱిద్దఱుగా జతపఱచవలెను. ఈల వేసినంతనే జతలు చేతులు పట్టుకొని పైకెత్తవలెను. ఒంటిచేయి లేచినచో స్నానము అప్పటికప్పుడు ఆగవలెను. ఉఱుములు వినబడిన వెంటనే నీటినుండియు, డేరాలనుండియు అందఱును లేచి పాఠశాల వంటి పక్కాయింటిలోనికో, మోటారుబండిలోనికో చేరవలెను. డేరా వానను ఆపును గాని పిడుగును ఆపదు. చివరి ఉఱుము వినబడిన పిదప అరగంట గడచువఱకు వెలుపలికి రారాదు.

ఇవన్నియు చిన్న శిబిరముల చిక్కులే, పెద్దవారికి పట్టవని అనుకొనరాదు. 2023 ఆగస్టులో దక్షిణకొరియాలోని సేమన్‌గుమ్ అనుచోట ప్రపంచ స్కౌటు జంబోరీ జరిగినది. నలుబదివేలకు పైగా పిల్లలును పెద్దలును వచ్చిరి. ఆ స్థలము సముద్రమునుండి పైకి తీసిన చదునునేల; చెట్టునీడ లేదు, నీరు పోవు దారి సరిగా లేదు. ముందు కుఱిసిన వాన గుంటలలో నిలిచి దోమలు పెరిగినవి. ఎండదెబ్బకు వందలకొలది పిల్లలు జబ్బుపడిరి. బ్రిటిషువారును అమెరికావారును తమ పిల్లలను ముందుగనే తీసికొని పోయిరి. తుదకు తుపాను రానున్నదని 8వ తేదీన అందఱిని అచటినుండి తరలించిరి. అంత ధనమున్న చోట, అంత యేర్పాటున్న చోట, చిక్కు మరల నీడ, నీరు, నేల, మఱుగుదొడ్డి వీనియొద్దకే వచ్చినది.

ఇక పుస్తకములలో కానరాని చిక్కు ఒకటి కలదు. అది మొదటి రాత్రి తొమ్మిదిగంటలకు మొదలగును. పగలంతయు ఎగిరిన పిల్లవాడు వచ్చి, "మాస్టారూ, కడుపు నొప్పి" అనును. అందు పదింటికి ఎనిమిదిమాఱులు నొప్పి కడుపులో లేదు, ఇంటిలో నున్నది. అయినను ముందు కడుపునే పరీక్షింపవలెను; నిజమైన నొప్పియు కొన్నిమాఱు లుండును. పిదప వానికి పని ఈయవలెను. పొయ్యి ఆఱిపోకుండ కట్టెలు ఎగద్రోయుమని చెప్పుదును. ఇంటికి టెలిఫోను చేయుమని అడుగుదురు. ఆ వేళ తల్లి గొంతు విన్నచో ఏడ్పు రెండింతలగును. కావున తెల్లవాఱిన పిదప చేయుదమందును, చేయింతును. ఒక పిల్లవానికి వాని దళనాయకుడు చెప్పిన మాట నాకంటె బాగుగా పనిచేసినది: "నా పక్కన పడుకోరా. నీ చేతికి నా కండువా కొస కడతాను. భయమేస్తే లాగు." వాడు రాత్రి మూడుమాఱులు లాగెనట. రెండవరాత్రి లాగలేదు.

పక్క తడుపు పిల్లలును ఉందురు. ఇది దోషము కాదు, వ్యాధియు కాకపోవచ్చును. తల్లులు సిగ్గుపడి ఈ సంగతి దాతురు; పిల్లవాడు దానికి భయపడి రాననును, లేదా వచ్చి రాత్రియంతయు మేలుకొని యుండును. తల్లులారా, ఈ సంగతిని దయచేసి మాకు చెప్పుడు. వానిని అర్ధరాత్రమున ఒకసారి చప్పుడు లేకుండ లేపుదుము. నాయొద్ద మారుదుప్పటి యుండును. ఉదయమున అందఱి దుప్పట్లను ఒకేమాఱు ఎండవేయింతుము. ఎవనిది ఎందుకు తడిసెనో ఎవరికిని తెలియదు.

ఈ భయములన్నియు విని కొన్ని పాఠశాలలవారు డేరాబసలను మానివేసినారు. మఱికొందఱు కంట్రాక్టుదారుని పిలిచి డేరాలు వేయించి, హోటలునుండి భోజనము తెప్పించి, ఛాయాపటములు తీయించి, రాత్రికి పిల్లలను బంగళాలో పండుకొనబెట్టుచున్నారు. దానికి వేఱొక పేరు పెట్టుకొనిన నాకు ఆక్షేపణ లేదు. తండ్రులు నా ముందు సంతకము చేయు కాగితమును చదువక చేయుట కూడ నాకు ఇష్టము లేదు. బసకు వారము ముందు వారిని పిలిచి, పామును, నీటిని, ఆసుపత్రి దూరమును, ఇప్పుడు మీతో చెప్పినట్లే చెప్పుదును. కొందఱు వెనుకకు తీయుదురు. మిగిలినవారు తెలిసి పంపుచున్నారు. తెలిసి పంపిన తండ్రి బిడ్డ మూటలో దీపము, బూట్లు, రెండవ దుప్పటి మఱచిపోకుండ ఉండును.

చివరిదినపు పనులు చెప్పి ముగింతును. పొయ్యిలపై నీరు పోసి, చేయి పెట్టి చూచి, చల్లబడినదని తెలిసిన పిదప మట్టి కప్పవలెను. గుంటలు పూడ్చవలెను. పిల్లలను వరుసగా నిలిపి, మైదానమున ఈకొననుండి ఆకొనకు కాగితపుముక్కయైనను విడువక ఏరించవలెను. గూటములను లెక్కపెట్టవలెను, ప్రతిమాఱు రెండు తగ్గును. డేరా తడిగా నున్నయెడల అట్లే చుట్టి అటకపై పెట్టరాదు, నెలదినములకు బూజు పట్టి గుడ్డ చినుగును. సోమవారమున పాఠశాల ఆవరణములో వానిని విప్పి ఎండలో ఆఱవేయుదుము. ఆ దినమున బసకు రాని పిల్లలు చుట్టును చేరి, త్రాళ్లను ముట్టి చూచుచు, మరల ఎప్పుడు పోవుదురని అడుగుచుందురు.