నేలమాళిగలో శాక్సోఫోను



ఖరగ్‌పూరు తెలుగువారికి శాక్సోఫోను క్రొత్త వాద్యము కాదు. అయినను అది గోడకు ఆవలి వాద్యము. బెంగాల్ నాగపూర్ రైల్వే నాళ్లలో ఈ పట్టణమున ఐరోపీయులకును ఆంగ్లో ఇండియనులకును ఒక ఇన్‌స్టిట్యూటు, భారతీయోద్యోగులకు వేరొకటి ఉండెడివి. మొదటిదానియందు నృత్యములు జరుగునపుడు బ్యాండు మ్రోగెడిది. ఉత్తరాంధ్రమునుండి వచ్చి వర్కుషాపునందును ఆఫీసులందును చేరిన తెలుగువారు ఆ నాదమును దారిని పోవుచు విన్నవారే గాని లోపల కూర్చుండి విన్నవారు కారు. సెలవుపై స్వగ్రామమునకు పోయినను, పెండ్లి ఊరేగింపులో క్లారినెట్టు సరసన అదే వాద్యము. అచటను అది వీథి వాద్యమే. దాని గుసగుస ఎట్లుండునో తెలుగువారిలో పెక్కుమందికి తెలియదు.

దీనికి వాద్యము పుట్టుకయే కొంత కారణము. బెల్జియము దేశస్థుడగు అడోల్ఫ్ సాక్సు 1846 లో పారిసునందు దీనికి పేటెంటు పొందెను. సైనిక బ్యాండులందు, ఆరుబయట, దూరమునకు వినబడవలెనని ఆతని తలంపు. ఒడలు ఇత్తడి, పలుకునది మాత్రము ఒంటి రెల్లుపీక. అందుచేతనే దీనిని ఇత్తడి వాద్యములలో గాక కొయ్య వాద్యములలో లెక్కింతురు. మన నాగస్వరమునకు జంటరేకుల పీక, దీనికి ఒకే రేకు. ఈ రెండింటికిని చుట్టరికము లేదనువారు పీకను చూడక గొట్టమును మాత్రమే చూచినవారు.

ఇట్టి ఆరుబయలి వాద్యమును నేలమాళిగలోనికి దింపి మెల్లగా మాటలాడ నేర్పినది జాజు సంగీతము. న్యూయార్కునందలి విలేజి వాన్‌గార్డు అను క్లబ్బు 1935 నుండి నేటివరకు ఒకే నేలమాళిగలో నడచుచున్నది. నిటారైన మెట్లు దిగి పోవలెను. ముక్కోణపు గది, నూటయిరువదిమందికి మించి పెద్దగా చోటు లేదు. 1957 నవంబరు 3 న సోనీ రోలిన్సు అచట వాయించినది రికార్డుగా వెలువడినది. పియానో లేదు. తోడుగా బేసు, డ్రమ్ములు మాత్రమే. అంత చిన్న గదిలో, అంత కొద్ది తోడుతో, వాదకుడు దాగుటకు తావు లేదు.

అట్టి క్లబ్బులందు ఒక వాదకునికి ఒకటి రెండు రాత్రులు గాక తరచుగా వారమంతయు ఏర్పాటు చేయుదురు. రాత్రికి రెండు విడతలు. ప్రకటనలో పేరు, వేళ తప్ప మరేమియు ఉండదు. ఏ పాటలు వాయింపబడునో వ్రాయరు. మంగళవారము విన్న శ్రోత శనివారము మరల వచ్చును, ఏలయన పాట అదియే యైనను వాయించునది అది కాదు. మనోధర్మమనగా నేమో ఎరిగిన తెలుగు శ్రోతకు దీనిని వేరుగా వివరింపనక్కరలేదు.

లండనునందు రోనీ స్కాటు, పీట్ కింగు అను ఇరువురు శాక్సోఫోను వాదకులు 1959 లో గెరార్డు వీథిలోని ఒక నేలమాళిగయందు క్లబ్బు తెరచిరి. అమెరికా వాదకులు వచ్చి వాయించుటకు సంగీతకారుల యూనియనులు అడ్డు. ఒకరు వచ్చినచో ఒకరు పోవలెనను ఒడంబడికపై 1961 లో జూట్ సిమ్సు లండనునకు వచ్చెను, టబ్బీ హేసు న్యూయార్కునకు పోయెను. రైల్వేవారు దీనిని మ్యూచువల్ ట్రాన్స్‌ఫరు అందురు.

మన దేశమున ఈ వాద్యమును కచేరీ తివాచీపై కూర్చుండబెట్టినది కద్రి గోపాలనాథ్. మంగుళూరు ప్రాంతమున నాగస్వర విద్వాంసుని ఇంట 1949 లో జన్మించిన ఆయన మైసూరు ప్యాలెసు బ్యాండులో దీనిని విని మోహపడెను. గమకములు పలుకుటకు వాద్యమునందు మార్పులు చేసికొని ఏండ్ల తరబడి సాధన చేసెను. 1994 లో లండనులోని రాయల్ ఆల్బర్టు హాలునందు వాయించెను. 2019 లో కీర్తిశేషుడయ్యెను. ఆ హాలులో వేలమంది పట్టుదురు. గొప్ప గౌరవమే. కాని గమకమును దగ్గరనుండి వినవలెనన్న అంత పెద్ద హాలు ప్రతికూలము. ఇది కొందరికి రుచింపకపోవచ్చును.

కలకత్తాలో పార్కు వీథి రెస్టారెంటులందు 1970ల దశకమున లూయీ బాంక్సు పియానోతోను, గోవావాడగు బ్రాజ్ గొన్సాల్వెస్ శాక్సోఫోనుతోను జాజు వాయించిరి. ఖరగ్‌పూరునుండి హౌరా సుమారు 115 కిలోమీటర్లు. లోకలు బండిలో పోయి వచ్చుట ఇచటివారికి నిత్యకృత్యము. వినుటకు పోయినవారు మాత్రము అరుదు.

సాధనకు స్థలమెక్కడ అని యువకులు అడుగుదురు. క్వార్టర్లలో ఒకవైపు పసిబిడ్డ, మరొకవైపు రాత్రి డ్యూటీ చేసి నిద్రించువాడు. రోలిన్సునకు నదే చిక్కు వచ్చెను. పొరుగింట గర్భిణికి ఇబ్బంది యగునని 1959 నుండి 1961 వరకు విలియమ్సుబర్గు వంతెనపై, రైళ్లు పోవు పట్టాల చెంత, గంటల తరబడి ఏకాంతముగా సాధన చేసెను. తిరిగి వచ్చి 1962 లో వెలువరించిన రికార్డునకు వంతెన అనియే పేరు పెట్టెను.

ఉత్సవపు పందిరి, లౌడు స్పీకర్లు ఉండవలసినవే. వాటితోపాటు ఏడాదికొక రాత్రి చిన్న గది ఒకటి చూడవలెను. నేలమాళిగ లేకున్నను చింతలేదు. ముప్పది కుర్చీలు, మైకు లేదు, ఒక శాక్సోఫోను, ఒక మృదంగము. పొరుగు క్వార్టరులో రాత్రి డ్యూటీవారున్నచో కిటికీలు మూసిన సరిపోవును.