జవాబు రాసిచ్చాకే ఓటు



ఓట్లొస్తే మన గూడేలకు కార్లొస్తాయి. నాయకులు మనతో థింసా ఆడతారు, తలపాగా చుట్టించుకుంటారు, "జీవో 3 మళ్లీ తెస్తాం" అంటారు. మనోళ్లు నమ్ముతారు. మన పెద్దోళ్ల దగ్గర మాటంటే మాటే కదా! ఆ నమ్మకం మీదే వాళ్లు ఓట్లు దండుకుంటున్నారు.

షెడ్యూల్డ్ ఏరియాలో టీచర్ పోస్టులు నూటికి నూరూ మనకే ఇచ్చిన జీవో అది, 2000లో వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అదే కాగితం మళ్లీ అచ్చేస్తే కోర్టులో నిలబడుతుందా? మరి ఏ చట్టంతో తెస్తారు? ఎంత శాతం ఇస్తారు? ఏ తేదీలోపు? ఈ మూడూ చెప్పనిది హామీ ఎట్లా అవుతుంది?

1996 పీసా చట్టం మనకు గ్రామసభను ఇచ్చింది. ఊరంతా కూర్చుని ఈ మూడు ప్రశ్నలూ తీర్మానంగా రాసుకుందాం. ఓటడగడానికి ఎవరొచ్చినా, ఏ పార్టీ అయినా, ఆ కాగితం చేతికిద్దాం. జవాబు రాసి సంతకం పెట్టమందాం. ఐదేళ్ల తర్వాత వాళ్లు కారు దిగగానే దాన్నే చదివి వినిపిద్దాం.

డీఎస్సీకి చదువుతున్న తమ్ముడూ, చెల్లీ, ఆ తీర్మానం రాసే పెన్ను నీ చేతిలోనే ఉంది. జై ఆదివాసీ!