అమెరికా దక్షిణ రాష్ట్రముల ఇంటి వంట
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ప్రసంగ పాఠము)



ఒక దేశమును తెలిసికొనుటకు దాని రాజుల చరిత్ర చదువుట ఒక మార్గము. దాని వంటయింటిలోనికి తొంగిచూచుట మరియొక మార్గము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణ భాగమని పేరొందిన వర్జీనియా, ఉభయ కరొలినాలు, జార్జియా, అలబామా, మిసిసిపీ, లూసియానా మున్నగు రాష్ట్రముల పల్లెయిండ్ల వంట నేటి ప్రసంగమునకు విషయము. ఇది దూరదేశపు ముచ్చటయే యైనను తెలుగు పల్లెకు బొత్తిగా పరాయిది కాదు. అక్కడి ఇల్లాలు బొబ్బర్లు నానబోయును, బెండకాయలు తరుగును, చిలగడదుంపలు కాల్చును, పచ్చి వేరుసెనగకాయలు ఉప్పునీట ఉడికించును.

ఆ భోజనమునకు మూలము మొక్కజొన్న. ఇనుప మూకుడును ముందుగా బాగుగ కాచి, అందు కొవ్వు కరగించి, మజ్జిగతో కలిపిన మొక్కజొన్న పిండిని పోసి, నలుప్రక్కల సెగ తగులునట్లు కాల్చుదురు. అడుగు ఎఱ్ఱగా వేగి కరకరలాడును. లోపలి భాగము మెత్తగా నుండును. దాని ప్రక్కన ఆకుకూర యుండవలెను. కొల్లార్డు అనునది క్యాబేజీ కుటుంబములోనిదే గాని గడ్డ కట్టదు. వెడల్పాటి ముదురాకులు వేయును. ఆ ఆకులను ఉప్పులో ఊరిన పందిమాంసపు ముక్కతో చాలసేపు సన్నని సెగపై ఉడికింతురు. మిరపకాయలు ఊరిన పులుసునీటిని పైన చల్లుకొందురు. రాత్రివేళ మిగిలిన రొట్టెను చల్లని మజ్జిగలో తుంచి వేసికొని తినుట కూడ అక్కడి అలవాటు. సంకటిని మజ్జిగలో పిసికికొని తినిన పెద్దలకు ఈ మాట క్రొత్తగా తోచదు.

ఆకు ఉడికిన నీటిని వారు పారబోయరు. పప్పు కట్టుతో చారు కాచుకొనునట్లే, ఆ రసమును గిన్నెలో పోసికొని రొట్టెతో తిందురు. దీనిని గూర్చి 1931లో ఒక చిత్రమైన వివాదము నడచినది. రొట్టెను ఆ రసములో ముంచి తినవలెనని లూసియానా గవర్నరు హ్యూయీ లాంగ్ పలికెను. చిదిమి కలిపికొని తినవలెనని అట్లాంటా నగరపు పత్రికా సంపాదకుడొకడు వాదించెను. పాఠకులు ఇరుపక్షములుగా చీలి ఉత్తరములు వ్రాసిరి. తరువాత 1935లో ఆ లాంగ్ సెనేటు సభ్యుడై, ఒక చట్టము సాగకుండ పదునైదు గంటలకు పైగా ఉపన్యసించుచు, నడుమ ఈ ఆకురసము కాచు విధమును సభకు వివరించెను. ఇంటి కుండలోని పదార్థముపై జనులకు ఎంత మమకారముండునో దీనివలన తెలియును.

అయితే ఈ వంటలు ఎవరి చేతులలో రూపొందినవి? మొక్కజొన్న ఆ నేల యొక్క ఆదివాసులది. కొల్లార్డు, పంది, గోధుమ ఐరోపా వలసదారులతో వచ్చినవి. బొబ్బర్లు, బెండకాయ ఆఫ్రికానుండి వచ్చినవి. వాటిని వండుట ఎరిగినవారు బానిసలుగా ఓడలలో కొనిరాబడిరి. 1619లో వర్జీనియా తీరమున ఆఫ్రికనులు మొదటగా దింపబడిరి. 1860 జనాభా లెక్కలనాటికి ఆ దేశమున సుమారు 40 లక్షలమంది బానిసలుండిరి. దాస్యము చట్టరీత్యా తొలగినది 1865లో. లూసియానాలో ప్రసిద్ధమైన ‘గంబో’ అను చిక్కని పులుసు పేరు ఆఫ్రికా భాషలలో బెండకాయకు గల పేరునుండి పుట్టినది. దక్షిణ కరొలినా తీరమందలి వరిసాగు సంగతియు నిట్టిదే. సముద్రపు పోటును గమనించి, ఉప్పునీరు చొరకుండ గట్లు పోసి, నదిలోని మంచినీటిని కొయ్య తూములగుండ మళ్లలోనికి పెట్టినవారు బానిసలే. వారిలో పలువురు పశ్చిమ ఆఫ్రికాలో వరి పండించిన జాతులవారు. రోట రోకళ్లతో దంచి, చేటలతో చెరిగి బియ్యము చేసినది వారి స్త్రీలు. ఆ బియ్యముతో యజమానులు భాగ్యవంతులైరి.

ఆ బియ్యమును బొబ్బర్లను కలిపి వండు ‘హాపిన్ జాన్’ అను అన్నమును క్రొత్త సంవత్సరపు మొదటిదినమున నేటికిని తిందురు. బొబ్బర్లు అదృష్టమును, ఆకుకూర ధనమును, పచ్చని మొక్కజొన్న రొట్టె బంగారమును తెచ్చునని నమ్మకము. బానిస గుడిసెలోని తిండి శుభదినపు తిండి యైనది.

ఇంతవరకు రుచి ముచ్చట. ఈ వంట చరిత్రలో ఒక చేదు అధ్యాయము కూడ కలదు.

అమెరికా ఖండపు ఆదివాసులు మొక్కజొన్నను ఊరక విసరి తినలేదు. కొందరు సున్నపునీటిలోను, కొందరు కట్టెబూడిద నీటిలోను ఉడికించి, కడిగి, పిదప వాడుకొనిరి. గింజలో నయాసిన్ అను విటమిను బంధింపబడి యుండును. ఆ క్షారపు నీటివలన అది విడివడి దేహమునకు అందును. ఇది ఆదివాసులకు శాస్త్రముగా తెలియకపోవచ్చును, ఆచారముగా తెలియును. ఐరోపావారు గింజను తీసికొనిపోయిరి. ఆ ఆచారమును మాత్రము తీసికొనిపోలేదు. స్పెయినులోను ఇటలీలోను మొక్కజొన్నయే ఆధారమైన పేదలకు చర్మము పగిలి నల్లబడి, విరేచనములు పట్టి, మతి చలించి, తుదకు ప్రాణము పోవు వ్యాధి వచ్చెను. దానికి పెల్లాగ్రా యని పేరు.

అమెరికా దక్షిణ రాష్ట్రములలో బూడిదనీటి మొక్కజొన్న ‘హామినీ’ అను పేర కొంత నిలిచినది. కాని నిత్యము తిను రొట్టె పిండి మాత్రము అట్టిది కాదు. పైగా మరలు వచ్చి గింజ మొలకను కూడ తీసివేయసాగినవి. దాస్యము పోయిన పిదప నల్లవారును, పేద తెల్లవారును కౌలుకు ప్రత్తి పండించిరి. ప్రత్తి ఇంటి గుమ్మము వరకు వచ్చెను. పెరటి పాదులకు చోటు లేదు, పాడికి మేత లేదు. అప్పు పద్దు మీద దుకాణమునుండి తెచ్చిన మొక్కజొన్న పిండి, పంది కొవ్వు, చెరకుపాకము, ఈ మూడే ఏడాది పొడుగునను తిండి. ఇరువదవ శతాబ్ది ఆరంభమున పెల్లాగ్రా ఆ రాష్ట్రములంతట వ్యాపించెను.

జనులు దానిని అంటువ్యాధి యనుకొనిరి. 1914లో ప్రభుత్వ వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ ఆ పని చేపట్టి, పిచ్చాసుపత్రులలో రోగులకు వచ్చు వ్యాధి పరిచారకులకు రాకుండుట గమనించెను. మిసిసిపీలోని రెండు అనాథశరణాలయములలో పిల్లలకు పాలు, గ్రుడ్లు, మాంసము, చిక్కుడుజాతి గింజలు హెచ్చుగా పెట్టించగా మరుసటి ఏటికి వ్యాధి దాదాపు మాయమైనది. 1915లో ఒక కారాగార వ్యవసాయక్షేత్రమున, విడుదల చేయుదుమన్న మాటపై ఒప్పుకొనిన ఖైదీలకు మొక్కజొన్న పిండి, గోధుమపిండి, బియ్యము, చెరకుపాకము, కొలదిగా కూరలు మాత్రమే పెట్టగా, పదునొకండుగురిలో ఆరుగురికి పెల్లాగ్రా కనిపించెను. ఆ భోజనములో పాలు లేవు, మాంసము లేదు, బొబ్బర్లు లేవు. గోల్డ్‌బెర్గర్ 1929లో మరణించెను. 1937లో ఎల్వెహ్యెమ్ అను శాస్త్రజ్ఞుడు నయాసిన్ గుట్టు విప్పెను.

ఈ వ్యాధికి తెలుగునేలతోను సంబంధము కలదు. హైదరాబాదులోని పోషణ పరిశోధనశాలకు చెందిన గోపాలన్, శ్రీకంఠయ్య అను శాస్త్రజ్ఞులు, జొన్నయే ప్రధానాహారమైన దక్కను పేదలలో పెల్లాగ్రా యుండుటను గూర్చి 1960లో ప్రకటించిరి. ఆ పరిశోధనశాలయే 1969లో జాతీయ పోషకాహార సంస్థ యైనది. జొన్నలోని ఏ గుణము ఇందుకు కారణమను విషయమై శాస్త్రజ్ఞులు వాదించుకొనిరి. కాని దానివలన జొన్నరొట్టెను నిందింపనక్కరలేదు. రొట్టె ప్రక్కన పప్పు, మజ్జిగ కొనలేని పేదరికమే నిందింపదగినది.

అలబామాలోని టస్కెగీ విద్యాలయమున 1896లో చేరిన జార్జ్ వాషింగ్టన్ కార్వర్ ఈ సంగతి తనదైన మార్గమున గ్రహించెను. దాస్యమున పుట్టిన ఆ శాస్త్రజ్ఞుడు ప్రత్తితో సారము తగ్గిన నేలలో బొబ్బర్లు, వేరుసెనగ వేయుమని రైతులకు బోధించెను. అవి నేలకు సారమిచ్చును, పిల్లలకు బలమిచ్చును. చెప్పి ఊరకుండక, 1916లో వేరుసెనగను 105 విధముల వండుకొను తీరు చెప్పు చిన్నపుస్తకము వెలువరించెను. ఆ విద్యాలయమువారు 1906లో ఒక బండిని సిద్ధము చేసి, పనిముట్లతో, విత్తులతో పల్లెలకు పంపిరి. చదువు పల్లెకు నడచివచ్చిన సందర్భములలో అదియొకటి.

పుస్తకమను మాట వచ్చినది గనుక గ్రంథాలయ సభ్యులు గమనింపదగిన విషయ మొకటి కలదు. మేరీ రాండాల్ఫ్ వంటపుస్తకము 1824లోను, సారా రట్లెడ్జ్ వంటపుస్తకము 1847లోను వెలువడినవి. బెండకాయ పులుసు మొదటిదానిలోను, హాపిన్ జాన్ రెండవదానిలోను కలవు. రచయిత్రులు యజమానుల ఇండ్ల స్త్రీలు. పొయ్యి దగ్గర నిలిచిన బానిస స్త్రీల పేర్లు ఆ పుటలలో లేవు. 1881లో మాత్రము ఆబీ ఫిషర్ అను స్త్రీ పేర ఒక పుస్తకము శాన్‌ఫ్రాన్సిస్కోలో అచ్చయినది. ఆమె ఒకప్పటి బానిస. చదువను వ్రాయను రాదు. ఆమె చెప్పుచుండగా ఇతరులు వ్రాసికొనిరి. ఆ వ్రాసినవారి ఓపిక లేకున్న ఆమె నేర్పు ఆమెతోనే పోయెడిది. విముక్తులైన బానిసలు నెలకొల్పిన వర్జీనియాలోని ఫ్రీటౌన్ అను పల్లెలో 1916లో పుట్టిన ఎడ్నా లూయిస్, 1976లో తన ఊరి వంటలను ఋతువుల వారీగా గ్రంథస్థము చేసెను. ఏ కాలమున ఏ ఆకు లేతది, ఏ పండుగకు ఏది వండుదురు అను సంగతులు దానివలన నిలిచినవి.

గింజ విత్తనాల కొట్టులో దొరకును. దానిని నానబోయు గడియ, ఉడికించు నీరు, ప్రక్కన నుంచవలసిన కూర, ఇవి మాత్రము వండువారి నోటను చేతను ఉండును. అవి వ్రాయబడనిచో ఒక తరములో మాయమగును. వాటి లోపము రోగముగా బయటపడునాటికి చెప్పవలసిన అవ్వ ఉండదు.

కావున ఈ గ్రంథాలయపు బీరువాలో తెల్లకాగితముల పుస్తక మొకటి ఉంచుట మంచిది. సభ్యుల పిల్లలు తమ అవ్వలను, అమ్మమ్మలను అడిగి, వారు అంబలి పులియబెట్టు తీరు, బొబ్బర్ల గుగ్గిళ్లు ఉడికించు తీరు, ఏ మాసమున ఏ ఆకు కోయుదురో అందులో వ్రాయవలెను. ప్రతి వంట క్రిందను అది చెప్పినవారి పేరు ఉండవలెను. వారికి అక్షరము రాకున్నను పేరు తప్పక ఉండవలెను.