బిళ్ళ సర్కారుది, మాట మనవాళ్ళది

(అబ్దుల్లాపూర్‌మెట్‌లో జరిగిన మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఈసారి కార్యదర్శి గారు "మీ స్టాంపుల సంగతి చెప్పండి" అన్నారు. నేను పండితుణ్ణి కాను. 1970లో ఇబ్రహీంపట్నం తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, ముప్ఫై ఏడేళ్ళు ఫైళ్ళు, టపా రిజిస్టర్లు రాసి రిటైరైనవాణ్ణి. పన్నెండో ఏట పట్టుకున్న ఈ పిచ్చి డెబ్భై ఆరేళ్ళు వచ్చినా వదల్లేదు. మా ఆవిడ వీటిని "నా సవతులు" అంటుంది.

లోకంలో మొట్టమొదటి అంటించే తపాలా బిళ్ళ ఇంగ్లండులో 1840 మే నెలలో వచ్చింది. నల్ల రంగు, ఒక పెన్నీ వెల. దాని మీద దేశం పేరు లేదు. ఇప్పటికీ ఆ దేశం తన స్టాంపుల మీద పేరు వేసుకోదు, రాజుగారి బొమ్మే గుర్తు. మొదట్లో నాకు పేర్లతోనే పెద్ద తంటా. హెల్వెటియా అంటే స్విట్జర్లాండ్ అనీ, సువోమి అంటే ఫిన్లాండ్ అనీ, మాగ్యార్ అంటే హంగేరీ అనీ తెలియడానికి ఏళ్ళు పట్టింది. భూగోళం నాకు బడిలో కన్నా ఆల్బంలోనే ఎక్కువ వంటబట్టింది.

జీతం చాలీచాలని రోజుల్లో కోఠీ ఫుట్‌పాత్ మీద ఐదు రూపాయలు పెట్టి ఒక పొట్లం కొన్నాను. అజ్మాన్, ఫుజైరా, ఉమ్ముల్ ఖ్వైన్! పేరే వినని రాజ్యాల పెద్ద పెద్ద రంగుల బిళ్ళలు. చంద్రుడి మీద దిగిన మనుషులు, ఫుట్‌బాల్ ఆటగాళ్ళు. ప్రపంచమంతా నా చేతిలోకి వచ్చిందని పొంగిపోయాను. తరవాత తెలిసింది, వాటిలో చాలావరకు మనలాంటి వాళ్ళకు అమ్ముకోవడానికే అచ్చు వేశారట. ముద్ర కూడా ప్రెస్సులోనే కొట్టి పంపేవారట. ఆ చిన్న రాజ్యాలు 1971లో యు.ఎ.ఇ.లో కలిసిపోయాయి. ఆ తరవాత కొన్నాళ్ళకు మా వాడకట్టు అబ్బాయి ఒకడు దుబాయి పనికి పోయి, తల్లికి ఉత్తరాలు రాసేవాడు. ఆ కవర్ల మీది స్టాంపులు చిన్నవి, సాదావి. కానీ అవి సముద్రం దాటి ఒక తల్లి చేతికి చేరినవి. ఏది అసలు స్టాంపో నాకు అప్పుడు తెలిసింది.

అలా అని అరుదైన వాటి మీద మోజు పోలేదు. భూటాన్ గ్రామఫోన్ రికార్డు రూపంలో స్టాంపులు వేసింది, మీద ముల్లు పెడితే పాట వినిపిస్తుంది. సైబీరియా పక్కన తువా అనే చిన్న దేశం 1930లలో మూడు మూలల బిళ్ళలు వేసింది. 1944లో అది సోవియట్ యూనియన్‌లో కలిసిపోయింది. ఆఫ్రికాలో బయాఫ్రా మూడేళ్ళు నిండకుండానే 1970 జనవరిలో అంతరించింది. దేశం పోయింది, స్టాంపు మిగిలింది.

ఇంత దూరాలు తిరిగాక ఒక సంగతి గ్రహించాను. పరాయి దేశాల వాళ్ళ ఆల్బముల్లో అలాంటి అంతరించిన రాజ్యం మనదే! నిజాం ప్రభుత్వం 1869లోనే సొంత స్టాంపు వేసింది. 1931లో వచ్చిన వరుసలో ఒక అణాకు చార్మినార్, రెండణాలకు హైకోర్టు, నాలుగణాలకు ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాలకు అజంతా, పన్నెండణాలకు బీదరు మదరసా, రూపాయికి దౌలతాబాద్. 1950 ఏప్రిల్ 1న మన తపాలా భారత తపాలాలో కలిసిపోయింది.

చాలా ఏళ్ళ క్రితం ఒక జర్మనీ పెద్దమనిషితో ఉత్తరాల మీద స్టాంపుల మార్పిడి నడిచేది. ఆయన ఒకసారి రాశాడు: "విడి చార్మినార్ బిళ్ళలు నా దగ్గర చాలా ఉన్నాయి. మీ వైపు చిన్న ఊళ్ళ తపాలా ముద్రతో చెక్కుచెదరని కవరు ఉంటే చెప్పండి, మీరు ఏది అడిగితే అది ఇస్తాను." ఆ వాక్యం చదివి నేను చాలాసేపు లేవలేకపోయాను.

ఎందుకంటే అటువంటి కవర్లు మా ఇంట్లో ఒక కట్ట ఉండేవి. మా పెదనాయన వరంగల్ నుంచి మా నాయనకు 1946 నుంచి 48 దాకా రాసినవి. రజాకార్ల రోజులు, పోలీసు చర్య రోజులు. 1961లో, పన్నెండేళ్ళ వయసులో, ట్రంకుపెట్టెలోంచి ఆ కట్ట తీసి, కవర్లన్నీ లోపలి కాగితాలతో సహా తాంబాళంలో నానబెట్టాను. చార్మినార్లు ఊడి వచ్చాయి. సిరా కరిగి నీళ్ళు నీలమయ్యాయి. తడిసిన కాగితాలు మా అమ్మ పొయ్యిలోకి పోయాయి. అప్పటికి పెదనాయన లేరు. సాయంత్రం నాయన వచ్చి చూశాడు. కొట్టలేదు, తిట్టలేదు. "బిళ్ళ సర్కారుది బిడ్డా, మాట మా అన్నది" అన్నాడు. అంతే. ఆ చార్మినార్లు ఈనాటికీ నా ఆల్బంలో ఉన్నాయి. వాటికి పెద్ద ధర పలకదు. ఆ ఉత్తరాల్లో ఏముందో ఇక ఎవరూ చెప్పలేరు.

ఆ బుద్ధి నాకు ఆలస్యంగా వచ్చింది. 1971 నవంబరు 15 నుంచి బంగ్లా కాందిశీకుల సహాయానికి ఉత్తరాల మీద అదనంగా ఐదు పైసల బిళ్ళ పెట్టారు గుర్తుందా? అసలు స్టాంపులు అచ్చై వచ్చేదాకా కుటుంబ నియంత్రణ స్టాంపుల మీద ఎక్కడికక్కడ పోస్టాఫీసుల్లో రబ్బరు ముద్ర కొట్టి అమ్మారు. ఇప్పుడు వాటిని వెతుక్కుంటున్నారు. అప్పుడు నేను వాటిని కూడా కవరు నుంచి ఊడదీసే దాచాను!

కాబట్టి నా అనుభవంతో నాలుగు మాటలు. ఒకటి, మీ ఇళ్ళలో పాత కవర్లు, కార్డులు ఉంటే స్టాంపు కత్తిరించకండి, కవరు, ఉత్తరం కలిపి ఉంచండి. రెండు, వానాకాలంలో ఆల్బములు ఒకదాని మీద ఒకటి పేర్చకండి, అంటుకుపోతాయి. మూడు, పిల్లలకు కొత్త స్టాంపులు కావాలంటే ఆబిడ్స్ జనరల్ పోస్టాఫీసులో ఆ విభాగం ఉంది, కొంత సొమ్ము డిపాజిట్ కడితే ఇంటికే పంపుతారు. నాలుగు, ఆఫీసు కాగితాల జోలికి పోవద్దు. నా సర్వీసులో ఫైలు మీది స్టాంపు ఒక్కటి కూడా నా ఆల్బంలోకి రాలేదు. ఆ ఒక్క మాట మాత్రం తల ఎత్తుకుని చెప్పగలను.

నా తరవాత ఈ ఆల్బములు ఏమవుతాయని మా ఆవిడ అడుగుతుంది. మా మనవరాలు మొన్న సెలవుల్లో వచ్చి, తువా బిళ్ళ చూపించి "ఈ ఊరు ఎక్కడుంది తాతా?" అంది. చెప్పాను. చార్మినార్ బిళ్ళల పేజీ దగ్గర ఆగి "వీటి ఉత్తరాలేవీ?" అంది. అదీ చెప్పాను, ఏదీ దాచకుండా. ఆ రాత్రి ఆ పేజీ కింద పెన్సిలుతో నాయన అన్న మాట రాసి పెట్టాను. ఆల్బం ఎవరికి చేరినా ఆ మాట చేరితే చాలు.