ఊరి పేరిట జట్టు

హైదరాబాదు పేరు ధరించి 2015 మొదలు 2025 వరకు మూడు వృత్తి బాస్కెట్‌బాల్ జట్లు వెలసినవి. తార్నాక కూడలిలో నిలిచి వాని పేర్లు అడిగినచో చెప్పగలవారు అరుదు. 2015లో యు.బి.ఎ. లీగు ఆరంభమైనప్పుడు ఎనిమిది జట్లలో 'హైదరాబాద్ స్కై' ఒకటి. నాలుగు సీజనులు సాగి 2017తో ఆ లీగు నిలిచిపోయినది. 2018లో జట్టుకు ముగ్గురు చొప్పున ఆడు మరియొక లీగులో 'హైదరాబాద్ బాలర్స్' కనబడినది. 2025 ఆరంభమున ఐ.ఎన్.బి.ఎల్. ప్రో పోటీలలో 'హైదరాబాద్ ఫాల్కన్స్' దిగినది. ఆ పోటీలు జరిగినది ఢిల్లీలో. ఒకరు ఆకాశము, ఒకరు డేగలు. పేర్లు పైకెగురునవే గాని, సొంత ఊరిలో కాలు మోపుటకు నేల మాత్రము కుదరలేదు.

ఈ ఆట పుట్టుకయే ఒక గదిలో జరిగినది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు, చలికాలమున విద్యార్థులు బయట ఆడలేకుండుట చూచి, వసారా అంచునకు రెండు పండ్ల బుట్టలు కొట్టించి, పదమూడు నియమములు వ్రాసి పెట్టెను. ఆ అంచు ఎత్తు పది అడుగులు; నేటికిని బుట్ట ఎత్తు అదియే. అయిదేండ్లు తిరుగకుండగనే, 1896 నవంబరులో, ట్రెంటన్ పట్టణపు ఆటగాండ్రు ఒక హాలును అద్దెకు తీసికొని, ప్రేక్షకులకు టిక్కెట్లు అమ్మి, ఖర్చులు పోగా మిగిలినది పంచుకొనిరట. వృత్తి బాస్కెట్‌బాలునకు ఇదియే తొలినాడని చెప్పుదురు. బంతి బయటికి పోకుండ వారు మైదానము చుట్టును తీగెల వల కట్టిరి. తార్నాక పేరు కూడ తీగెకంచె గల నాకా నుండియే వచ్చినదని మన పెద్దలు చెప్పుదురు గనుక ఈ ముచ్చట ఇచట తలచితిని. అంతకు మించి సంబంధమేమియు లేదు.

అసలు గమనింపవలసినది 1946వ సంవత్సరము. నేడు ఎన్.బి.ఎ. అని ప్రసిద్ధమైన లీగును ఆ యేడు జూన్ 6న స్థాపించినవారిలో అధికులు ఆటగాండ్రు కారు, పెద్ద పెద్ద క్రీడామందిరముల యజమానులు. మంచుపై ఆడు హాకీ లేని రాత్రులందు హాలు ఖాళీగా ఉండి నష్టము కలుగుచుండెను. ఆ రాత్రులను నింపుటకే ఈ జట్లు. అనగా ముందు ఇల్లు, పిదప కాపురము! అట్లయినను మొదటి యేట ఆడిన పదునొకండు జట్లలో నాలుగు ఆ యేడు గడువగనే మూతపడినవి. వానిలో ఒకటి 'డెట్రాయిట్ ఫాల్కన్స్' అగుట వింతయే. నిలిచిన జట్లలో బోస్టన్ సెల్టిక్స్ 1957 నుండి 1969 లోపల పదునొక మారులు విజేతయైనది. బిల్ రస్సెల్ ప్రతాపము, ఆర్‌బాక్ శిక్షణ ముఖ్యకారణములే. కాని ఆ ఊరివారు దశాబ్దముల తరబడి అదే బోస్టన్ గార్డెన్ మెట్లపై కూర్చుండి చూచిరి. కుమారుని తండ్రి వెంటబెట్టుకొని పోయెను. 

మన దేశమున ఆట వేరు దారిని నడచినది. వై.ఎం.సి.ఎ. వారు దీనిని తెచ్చిరి. 1934లో ఢిల్లీలో జాతీయ పోటీలు మొదలైనవి. 1980లో మాస్కో ఒలింపిక్సులో మన పురుషుల జట్టు ఆడినది. ఇన్ని యేండ్లును ఆటగానిని పోషించినది టిక్కెట్టు కాదు, ఉద్యోగము. రైల్వేలు, సైన్యము, బ్యాంకులు, ప్రభుత్వ సంస్థలు ఆటను చూచి కొలువు ఇచ్చినవి. మహిళల జాతీయ పోటీలలో రైల్వే జట్టు ఎన్నో యేండ్లు ఎదురులేక నెగ్గుటకు కారణమిదియే. లాలాగూడ వర్క్‌షాపు ప్రక్కన పెరిగిన తార్నాక వాసులకు రైల్వే కొలువు విలువ వేరుగ చెప్పవలసిన పని లేదు. రెండు నెలల లీగు ఒప్పందమునకును, ముప్పది యేండ్ల జీతమునకును నడుమ బీదయింటి బిడ్డ దేనిని ఎన్నుకొనునో ఊహింపవచ్చును. దానిని పిరికితనమనుట అన్యాయము.

ఇక విశ్వవిద్యాలయము సంగతి. ఇచటి ఆటగాండ్రు అంతర్విశ్వవిద్యాలయ పోటీల వరకు ఆడుదురు. పట్టా చేతికి రాగానే జట్టు చెదరును. ఇరువదిరెండేండ్ల వయసున, ఆట పదునెక్కు వేళకు, ఆడుచోటు ఉండదు. వృత్తి జట్టు ఆదుకొనవలసినది సరిగా ఈ ఘట్టముననే.

దీనికి కావలసిన స్థలమెంత? కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15; సుమారు అయిదువందల చదరపు గజములు. తార్నాకలో ఒక పెద్ద ఇంటి జాగా అంత. 2002 జాతీయ క్రీడలకై ఈ ఆవరణముననే సైకిలు పందెములకు వెలోడ్రోము నిర్మించినారు. దానితో పోల్చిన ఇది చిన్న పని. కోర్టు చుట్టును మెట్లు, వానకు తడవని కప్పు, సినిమా టిక్కెట్టుకు మించని ధర, ప్రతి శనివారము సాయంకాలము ఒక ఆట. జట్టు పేరు పిదప ఆలోచింపవచ్చును.