ముసుగు ఊసరవెల్లి పిల్ల: దాని పోషణ

మాటమీద నిలువని మనిషిని మన భాషలో ఊసరవెల్లి అందురు. ఉదయమున ఒక పక్షమును, సాయంకాలమున మరొక పక్షమును చేరువానికి ఇంతకంటె తగిన పేరు లేదని లోకము భావించును. ఆ మనిషికి ఈ పేరు న్యాయమో కాదో గాని, ఆ ప్రాణికి మాత్రము ఈ పోలికవలన గొప్ప అన్యాయమే జరిగినది. ఊసరవెల్లి ఏ కొమ్మపై కూర్చున్నచో ఆ కొమ్మ రంగు దాల్చి యితరులను మోసగించునని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. పరిశీలించినవారు చెప్పునది వేరు. అది రంగు మార్చుట ప్రధానముగా తన స్థితిని తెలుపుటకే. చలి వేసినను, ఎండ తగిలినను, భయము కలిగినను, కోపము వచ్చినను, జబ్బు చేసినను దాని మేనిపై తెలిసిపోవును. కూత లేని ఆ ప్రాణికి రంగే భాష. ఆ భాషలో అది అబద్ధమాడుట అరుదు.

ఈ సంగతి తెలిసికొనుట కేవలము వినోదమునకు కాదు. ఊసరవెల్లిని ఇంట పెంచువారికి ఇది ప్రాణావసరము. కుక్కపిల్ల ఆకలి వేసిన మూలుగును, చిలుక అరచును. ఊసరవెల్లి పిల్ల దప్పికతో ఎండిపోవుచున్నను నోరు విప్పదు. యజమాని చూచి గ్రహింపవలెను. గ్రహింపలేనిచోట పిల్ల కొన్ని వారములలోనే మరణించును. కావున ఈ ప్రసంగములో ఆ పిల్లకు కావలసినవి ఏవి, వాని లోపమును అది ఏ విధముగా తెలుపును అను రెండు సంగతులను వివరించెదను.

నేను చెప్పబోవునది ఆంగ్లమున 'వెయిల్డ్ కెమీలియన్' అని పిలువబడు జాతిని గూర్చి. మనము దానిని ముసుగు ఊసరవెల్లి అనుకొందము. దీని స్వస్థలము అరేబియా ద్వీపకల్పపు నైరృతి మూల, అనగా యెమెన్ దేశమును, దానికి ఆనుకొనియున్న సౌదీ అరేబియా భాగమును. 1851లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు దీనికి శాస్త్రీయనామము నిచ్చిరి. అరేబియా అనగానే ఇసుక యెడారి మన కన్నుల ముందు నిలుచును గాని, ఇది ఇసుకలో బ్రతుకు జంతువు కాదు. యెమెన్ కొండలపై వానలు పడును. అక్కడ మెట్లు మెట్లుగా పొలములు, కాఫీ తోటలు, పొదలు, చెట్లు కలవు. ఆ పచ్చదనములో, రాత్రివేళ చల్లబడు గాలిలో, ఆకులపై నిలిచిన నీటిబిందువులను త్రాగుచు ఇది జీవించును. దాని పోషణలో మనము చేయవలసినదంతయు ఈ కొండగాలిని, ఈ ఆకుపచ్చని నీడను, ఈ నీటిబిందువును ఒక చిన్న గూటిలో కల్పించుటయే.

ఎదిగిన మగ ఊసరవెల్లి తోకతో కలిపి 45 నుండి 60 సెంటీమీటర్ల వరకు ఉండును. దాని తలపై ఎత్తుగా ఒక కిరీటము వంటి ఎముక కట్టు లేచియుండును. ఆడది చిన్నది, దాని కిరీటమును చిన్నదే. గ్రుడ్డు నుండి వెలువడిన పిల్ల మాత్రము మన వ్రేలంత యుండును. మగపిల్లను గుర్తించుట సులభము: వెనుక పాదముల మడమపై చిన్న ముల్లువంటి మొటిమ పుట్టుకతోనే ఉండును. ఆడదానికి అది లేదు.

అమెరికాలోను, ఐరోపా దేశములలోను ఈ జాతిని చాలకాలముగా ఇండ్లలోనే పొదిగించి పెంచుచున్నారు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబములలోను పిల్లలు ఇట్టి జంతువును కోరుట వింత కాదు. కొనువారు మూడు నెలలు నిండిన పిల్లనే, పెంపుడు తల్లికి పుట్టినదానినే ఎన్నుకొనవలెను. కన్నులు ఉబ్బెత్తుగా, తెరచి, రెండును వేరు వేరు దిక్కులకు చురుకుగా తిరుగుచుండవలెను. కొమ్మను పట్టినచో పట్టు గట్టిగా నుండవలెను. కాళ్ళు వంకరలేక నిటారుగా ఉండవలెను. పట్టపగలు కన్నులు మూసుకొని కూర్చున్న పిల్లను జాలిపడి కొనితెచ్చుట మంచిది కాదు. అది నిద్ర కాదు, వ్యాధి.

ఇక నివాసము. అద్దపుతొట్టిలో గాలి నిలిచిపోవును. నిలిచిన తేమగాలి ఊపిరితిత్తులకు చెరుపు. నాలుగు ప్రక్కల సన్నని తీగవల బిగించిన నిలువు గూడు శ్రేష్ఠము. పిల్లకు 40 సెంటీమీటర్ల వెడల్పు, 75 సెంటీమీటర్ల ఎత్తు చాలును. పెద్దదైన పిమ్మట 60 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల ఎత్తు గల గూడు కావలెను. గూటిని నేలపై నుంచరాదు. చెట్టుపై బ్రతుకు ప్రాణికి తనకంటె ఎత్తున కదలు ప్రతి ఆకారమును శత్రువుగనే తోచును. బల్లపైనో, గట్టి అరపైనో నిలిపినచో అది మనుష్యులను క్రిందికి చూచి ధైర్యముగా నుండును. లోపల వ్రేలంత లావు గల కొమ్మలను అడ్డముగను, ఏటవాలుగను కట్టవలెను. నడుమ సజీవమైన మొక్కలుండవలెను. ఈ జాతి ఊసరవెల్లి ఆకులను గూడ కొరికి తినును గనుక మందార వంటి హానిలేని మొక్కనే, పురుగుమందు చల్లనిదానినే పెట్టవలెను. పిల్ల పూర్తిగా దాగుకొనుటకు తగిన గుబురు ఉండవలెను. దాగుటకు చోటున్న పిల్ల నిర్భయముగా బయటికి వచ్చును. చోటు లేనిది భయముతోనే కృశించును.

ఒక గూటిలో ఒక్క ఊసరవెల్లియే ఉండవలెను. తోడు లేక బెంగపెట్టుకొనునను భయము వలదు. ఇవి ఒంటరి జీవులు. రెండింటిని కలిపినచో ఒకటి రెండవదానిని కొరుకకపోయినను, ఎదురుగా నిలిచి చూచుచుండుటయే బలహీనమైనదానికి బాధ. అద్దములో తన ప్రతిబింబము కనబడినను అట్లే కలతపడును.

గూటిపై రెండు దీపములు కావలెను. ఒకటి వేడినిచ్చునది. దాని క్రింది కొమ్మవద్ద పిల్లకు 27 నుండి 29 డిగ్రీల సెంటిగ్రేడు వేడి చాలును. గూటి అడుగుభాగము అంతకంటె చల్లగా, 22 నుండి 24 డిగ్రీలుగా ఉండవలెను. అది తన యిచ్చవచ్చినట్లు పైకి ఎక్కి వెచ్చబడును, క్రిందికి దిగి చల్లబడును. రాత్రి దీపములన్నియు ఆర్పవలెను. కొండదేశపు ప్రాణికి చల్లని చీకటి హితము. పిల్ల దేహము చిన్నది గనుక ఎండదెబ్బకు త్వరగా లోనగును. మన కోస్తాలోను, తెలంగాణలోను వేసవిలో 40 డిగ్రీలు దాటు గదులలో దీపమే అక్కరలేదు సరికదా, గదిని చల్లబరుపక తప్పదు.

రెండవ దీపము అతినీలలోహిత కిరణములనిచ్చు గొట్టపు దీపము. దీని ప్రాముఖ్యమును చాలమంది గుర్తింపరు. ఈ కిరణములు తగిలిననే చర్మములో విటమిను డి తయారగును. ఆ విటమిను ఉన్ననే తిన్న కాల్షియము ఒంటికి పట్టి ఎముకలు గట్టిపడును. ఎదుగు పిల్లకు ఇది లోపించినచో శరీరము తన యెముకలలోని కాల్షియమునే తీసి వాడుకొనును. అప్పుడు కాళ్ళు విల్లువలె వంగును, దవడ మెత్తబడును, పట్టు సడలి కొమ్మనుండి పడిపోవును. ఒంటి పొడవుకంటె ఎక్కువ దూరము బాణమువలె దూకు నాలుక సగములో ఆగిపోవును. ఎదురుగా ఆహారమున్నను అందుకొనలేక పస్తుండును. ఒకసారి వంగిన ఎముక తిరిగి తిన్నగా కాదు. కావున దీపమును రోజునకు 12 గంటలు వెలిగింపవలెను. కిటికీ అద్దము గుండా వచ్చు ఎండలో ఈ కిరణములు ఉండవు. అద్దము వానిని ఆపివేయును. దీపము కంటికి ప్రకాశముగనే కనబడుచున్నను కొన్ని నెలలకు ఆ కిరణముల బలము క్షీణించును. గనుక 6 నుండి 12 నెలలకొకసారి దానిని మార్చవలెను.

నీటి సంగతి అన్నిటికంటె ముఖ్యమైనది. గిన్నెలోని నిలువనీటిని ఇది సాధారణముగా నీరుగా గుర్తింపదు. నిండు గిన్నె ప్రక్కనే దప్పికతో ప్రాణము విడుచును. ఆకుపై మెరయు బిందువునే అది నాలుకతో అందుకొనును. ఉదయము, సాయంకాలము రెండేసి నిమిషములకు తక్కువ కాకుండ ఆకులపై సన్నని తుంపర చల్లవలెను. తొలి నిమిషములో అది కదలక చూచుచుండును. త్రాగుట పిమ్మటనే మొదలగును. పైనుండి బొట్టు బొట్టుగా ఆకుపై పడునట్లు చిన్న పాత్రను గూడ అమర్చవచ్చును. రెండు తుంపరల నడుమ గూడు ఆరవలెను. ఎల్లప్పుడు తడిగానున్న గూటిలో బూజు పట్టును. నీరు చాలినదా లేదా అని దాని విసర్జనము చెప్పును. అందులోని గట్టిభాగము తెల్లగా నున్నచో సరిపోయినది. నారింజవర్ణమునకు తిరిగినచో, కన్నులు లోనికి పోయినచో దేహము ఎండుచున్నదని గ్రహింపవలెను.

ఆహారము ప్రాణముతో కదలు పురుగులు. వీనిలో కీచురాళ్ళు ముఖ్యమైనవి. పురుగు పొడవు పిల్ల రెండు కన్నుల నడిమి వెడల్పును మించరాదు. పిల్లకు రోజునకు రెండుమార్లు, పదిపదునైదు నిమిషములలో తినగలిగినంత పెట్టవలెను. మిగిలిన కీచురాళ్ళను తీసివేయవలెను. రాత్రి అవి నిద్రించు పిల్లను కొరుకును. పురుగులకు ముందురోజే ఆకుకూరలు, క్యారెట్టు పెట్టి పోషింపవలెను. ఆకలితోనున్న పురుగును తినిపించుట పొట్టును తినిపించుటయే. పురుగులలో భాస్వరము ఎక్కువ, కాల్షియము తక్కువ. అందుచేత ప్రతిదినము శుద్ధమైన కాల్షియము పొడిని పలుచగా అద్ది ఇవ్వవలెను. విటమిను డి, ఇతర విటమినులు కలిసిన పొడి నెలకు రెండుమార్లు చాలును. ఎక్కువైన అదియును హానియే. పొలములలో పట్టిన పురుగులకు మందు అంటియుండవచ్చును. మిణుగురు పురుగు విషము. ఒక్కటి తిన్నను ప్రాణాపాయము.

పిల్లలున్న ఇండ్లలో ఒక మాట నొక్కి చెప్పవలసియున్నది. ఊసరవెల్లి కంటితో పెంచవలసిన ప్రాణి, చేతితో కాదు. ఒడిలో కూర్చుండబెట్టి నిమురుటకు పనికిరాదు. పైనుండి వచ్చు చేయి దానికి గ్రద్ద గోరు వంటిది. తప్పనిసరియైనపుడు చేతిని క్రిందనుండి కొమ్మవలె చాచి, అది తానే ఎక్కువరకు ఓపికపట్టవలెను. ముట్టిన పిమ్మటను, గూడు శుభ్రపరచిన పిమ్మటను సబ్బుతో చేతులు కడుగుకొనవలెను; ఇట్టి ప్రాణుల వలన సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి మనుష్యులకు సోకవచ్చును.

ఇప్పుడు తిరిగి రంగుమాటకు వత్తము. ఊసరవెల్లి చర్మములో గ్వానిన్ అను పదార్థపు అతిసూక్ష్మ స్ఫటికములు వరుసలు తీరియుండును. ఆ వరుసలు దగ్గరగా నున్నప్పుడొక రంగు, ఎడమైనప్పుడు మరొక రంగు ప్రతిఫలించునని 2015లో జెనీవా విశ్వవిద్యాలయమువారు మడగాస్కరు ఊసరవెల్లిపై పరిశోధించి తెలిపిరి. మన ముసుగు ఊసరవెల్లి మగవి రెండు పోరునకు దిగినపుడు, తల రంగు త్వరత్వరగా ప్రకాశించినదే గెలుచుటకు ఎక్కువ అవకాశము కలదని 2013లో అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయపు పరిశోధకులు లిగన్, మెక్‌గ్రాలు చూపిరి. రంగు బెదిరింపే గాని బూటకపు బెదిరింపు కాదన్నమాట. ఇంట పెంచువాడు చదువవలసిన అక్షరములు ఇంతకంటె సులభము. సుఖముగానున్న పిల్ల లేతపచ్చగా నుండును. వేకువను నల్లబడి దీపము వైపు పక్కను చాపినచో వెచ్చదనము కోరుచున్నది. వెచ్చబడిన పిమ్మటను రోజంతయు నల్లగా, గోధుమవర్ణముగా నున్నచో భయమో, వ్యాధియో కలదు. దీపము క్రింద తెల్లబడి నోరు తెరచినచో వేడి మించినది. రాత్రి నిద్రలో పాలిపోవుట సహజము. పగలు కన్ను మూసినచో మాత్రము ఆలసింపక సరీసృపముల వైద్యము తెలిసిన పశువైద్యునికి చూపవలెను.

ఆడపిల్లను పెంచువారికి మరొక హెచ్చరిక. నాలుగు నుండి ఆరు నెలలకే అది ఎదిగి, మగదాని పొందు లేకయే గ్రుడ్లు పెట్టవచ్చును. త్రవ్వి పెట్టుటకు 20 నుండి 30 సెంటీమీటర్ల లోతున తడిమట్టి గాని, తడి ఇసుక గాని లేనిచో గ్రుడ్లు కడుపులోనే నిలిచి తల్లి మరణించును. తొట్టి ఖరీదు స్వల్పము. దాని లోపము వలన పోవునది ప్రాణము.

చివరగా చట్టము సంగతి. మన చిట్టడవులలోను, తోటలలోను కనబడు ఊసరవెల్లి వేరు జాతి. దానిని పట్టుట, పెంచుట, అమ్ముట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. యెమెన్ జాతి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణకు లోబడినది. 2024లో ప్రకటింపబడిన నియమముల ప్రకారము మన దేశమున ఇట్టి విదేశీ ప్రాణులను ఉంచుకొనువారు వివరములను ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేయించుకొనవలెను. విసుగు పుట్టి తోటలో విడుచుట మరింత తప్పు. పెంపుడు ఊసరవెల్లులు బయటపడి వ్యాపించుటచే 2002 నాటికే హవాయీ దీవులలోని మావీలోను, ఫ్లోరిడాలోను ఇవి బయట స్వేచ్ఛగా తిరుగుచు కనబడినవి.

మగది సరిగా పోషింపబడినచో ఐదు మొదలు ఎనిమిది సంవత్సరములు జీవించును. అన్నాళ్ళు ప్రతి ఉదయము తుంపర చల్లి, పురుగును పోషించి, దీపమును చూచుకొని, చేతులు కట్టుకొని కనిపెట్టియుండగల ఓపిక ఉన్నవారే దానిని తెచ్చుకొనవలెను. అట్టి ఓపిక లేనివారు పెరటిలోని మందారచెట్టును, దానిపై వ్రాలు పిట్టను చూచి ఆనందించుట మేలు. ఆ ప్రాణి తన స్థితిని దాచుకొనదు. దానిని చదువు తీరిక మనకు ఉన్నదా యని ముందుగా మనలనే ప్రశ్నించుకొనవలెను.